పాము పేరులో నిలిచిన డాక్టరు



కిందటేడు సావనీరుకు నేనొక కవిత ఇచ్చాను. అది అచ్చు కాలేదు, కాకపోవడమే మంచిదైంది. ఈసారి నీకు తెలిసిన విషయం మీదే వ్రాయవయ్యా అని మా జువాలజీ మేష్టారు సలహా ఇచ్చారు. నాకు తెలిసిన విషయాలు రెండే. ఒకటి వరిపొలం, రెండోది మా లాబొరేటరీలో మూడో బీరువా. ఈ రెండిట్లోనూ ఉన్న జీవి ఒకటుంది. దాన్ని గురించీ, దాని పేరులో నిలిచిపోయిన ఒక డాక్టరుగారిని గురించీ నాలుగు మాటలు వ్రాస్తాను.

మూడో బీరువా పైఅరలో, ఫార్మలిన్ సీసాలో, చుట్ట చుట్టుకుని ఒక రక్తపింజరి ఉంటుంది. సీసా మీద ఎప్పుడో అతికించిన చీటీ పసుపుపచ్చగా మారిపోయింది. దాని మీద 'వైపెరా రస్సెల్లీ' అని ఉంది. మా పాఠ్యపుస్తకంలో 'డబోయా రస్సెలీ' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే చిక్కు ఇంకా పెద్దది. చీటీ మీద రెండు 'ఎల్'లు, చివర ఒక 'ఐ'. పుస్తకంలో ఒక 'ఎల్', చివర రెండు 'ఐ'లు. ప్రాక్టికల్ పరీక్షలో నాకు స్పాటరుగా ఆ సీసాయే వచ్చింది. చీటీ కనిపించకుండా కాగితం చుట్టేశారు. నేను ఎవరికీ అన్యాయం చేయకుండా రెండు 'ఎల్'లూ, రెండు 'ఐ'లూ పెట్టి వచ్చాను. అర మార్కు పోయింది.

ఆ అర మార్కు సంగతి అడగడానికి మేష్టారి దగ్గరకు వెళ్లాను. ఆయన నవ్వి, లాటిన్ భాషలో షష్ఠీ విభక్తి ఎలా వస్తుందో చూసుకో, ఆ రస్సెల్ ఎవరో కూడా చూసుకో, ఆయన మన విశాఖపట్నంలో ఉన్నవాడే అన్నారు. నేను అర మార్కు మరిచిపోయి లైబ్రరీకి పోయాను. ఎందుకంటే ఆ పాముతో మా ఇంటికి పాత లెక్క ఒకటుంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. వరికోతల రోజులు. మా చిన్నాన్న పనలు ఎత్తుతూంటే పాదం మీద ఏదో కరిచింది. పక్కవాళ్లు పరిగెత్తుకొచ్చి పామును చూశారు. లావుగా, పొట్టిగా, ఒంటినిండా గుండ్రటి మచ్చలతో ఉంది. ఇది కొండచిలువ పిల్లరా, దీనికి విషం లేదు అని తేల్చేశారు. మిరపకాయ నమిలిస్తే కారంగానే ఉందన్నాడు, వేపాకు నమిలిస్తే చేదుగానే ఉందన్నాడు. ఇక భయం లేదనుకున్నారు. ఇంట్లో మా మామ్మ ఒక్కర్తే అది పొడరా, ఆస్పత్రికి తీసుకుపోండిరా అని గొడవపెట్టింది. పెద్దదాని మాట ఎవరూ వినలేదు. దీపాలవేళకు చిన్నాన్న చిగుళ్లలోంచి నెత్తురు కారింది. కాలు వాచి మొద్దులా అయింది. అప్పుడు బండి కట్టించి, ఆటో మాట్లాడి, ఆస్పత్రికి చేర్చేసరికి అర్ధరాత్రి దాటింది. మనిషి బతికాడు. కానీ మూత్రపిండాలు దెబ్బతిని, ఎన్నోసార్లు డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. దానికోసం చెరువు కింద ఉన్న ముప్పాతిక ఎకరం అమ్మేశాం. ఆ పామును కొండచిలువ పిల్ల అనుకున్న ఆ ఐదారు గంటల ఖరీదు అది.

సరే, రస్సెల్ సంగతికి వస్తాను.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశస్థుడు. 1720ల్లో ఎడింబరో నగరంలో ఒక న్యాయవాది ఇంట పుట్టాడు. ఆ ఊళ్లోనే వైద్యం చదివాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే సిరియాలోని అలెప్పో నగరంలో లెవాంట్ కంపెనీ అనే ఇంగ్లీషు వర్తక సంఘానికి డాక్టరు. 1750లో తమ్ముడు కూడా అన్న దగ్గరకు చేరాడు. 1753లో అన్న స్వదేశానికి వెళ్లిపోతే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అన్న 1756లో అలెప్పో ప్రకృతి చరిత్ర అనే గ్రంథం ప్రకటించాడు.

1760 మొదలుకొని 1762 దాకా అలెప్పోలో ప్లేగు చెలరేగింది. డాక్టరు పాట్రిక్ ఊరు విడిచి పోలేదు. రోగులను చూస్తూ, ఎవరికి ఎప్పుడు ఏ లక్షణం కనిపించిందో రోజువారీగా వ్రాసుకున్నాడు. ఈ వ్రాసుకునే అలవాటే ఆయన జీవితమంతటికీ మూలధనం. తర్వాత దాదాపు 30 ఏళ్లకు, 1791లో, ఆ నోట్సులోంచే ప్లేగు మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అన్న పుస్తకాన్ని కూడా పెంచి, సరిదిద్ది, 1794లో మళ్లీ అచ్చు వేయించాడు. 1770ల్లో లండను చేరి స్థిరపడ్డాడు. 1777లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకొంది.

అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు మా సీసా దాకా వచ్చేది కాదు. ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ తమ్ముడు విశాఖపట్నం వ్యవహారాలు చూడడానికి నియమితుడైతే, తోడుగా డాక్టరుగారు కూడా 1780ల మొదట్లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మనవైపు ఆ వయసులో కొడుక్కి నాగలి అప్పజెప్పి అరుగెక్కి కూర్చుంటారు. ఈయన మాత్రం కొత్త దేశంలో కొత్త చదువు మొదలుపెట్టాడు. ఇక్కడి మొక్కలు, చేపలు, పాములు సేకరించడం ఆరంభించాడు.

ఆ రోజుల్లో కంపెనీవారికి మద్రాసు రాష్ట్రంలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయన మహానుభావుడు లిన్నేయస్‌కు స్వయంగా శిష్యుడు. జీవులకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ గురించి మనం ఇంటర్‌లోనే చదువుకున్నాం. కోనిగ్ 1785లో జబ్బుపడి కాకినాడ దగ్గర కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసిన డాక్టరు రాక్స్‌బర్గ్. కోనిగ్ స్థానంలో కంపెనీ రస్సెల్‌నే నియమించింది. 1789లో స్వదేశానికి వెళ్లేదాకా ఆ పని ఆయనదే. తర్వాత ఆ స్థానంలోకి వచ్చినవాడు సామర్లకోటలో తోటలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్.

ఆ నాలుగేళ్లలో రస్సెల్ ఎక్కువగా పట్టించుకున్నది పాముల్ని. ఆయన ముందున్న ప్రశ్న శాస్త్రజ్ఞుడి ప్రశ్న కన్నా డాక్టరు ప్రశ్న. కరిచిన పాము విషపుదా, కాదా? ఇది తెలియకపోతే ఏ మందు పనిచేసిందో, ఏది చేయలేదో ఎలా తెలుస్తుంది? విషం లేని పాము కరిచినవాడు ఏ ఆకు రసం తాగినా బతుకుతాడు. పేరు మాత్రం ఆకు రసానికి వస్తుంది. లిన్నేయస్ పాములను పొట్టకింద, తోకకింద ఉండే పొలుసుల లెక్కతో వేరు చేశాడు. రస్సెల్ కూడా ప్రతి పాముకూ ఆ లెక్క కట్టాడు. కానీ చేలో పాము కరిచినవాడు పొలుసులు లెక్కపెట్టలేడు గదా! అందుకని ఆయన రంగు, మచ్చలు, తల ఆకారం, కోరలు అన్నీ వివరంగా వ్రాసి, బొమ్మలు గీయించాడు. కోళ్లనూ కుక్కలనూ కరిపించి, ఏ పాము కాటుకు ఎంతసేపట్లో ఏమవుతుందో గడియారం చూసి వ్రాసుకున్నాడు. చదువుతూంటే ఆ కుక్కల మీద జాలి వేస్తుంది. కానీ పాము విషాన్ని మన దేశంలో ఇలా వరసగా పరీక్షించి చూసిన తొలివారిలో ఆయన ఒకడన్నది కూడా నిజం. తంజావూరు మాత్ర అని అప్పట్లో పాముకాటుకు పేరు మోసిన మందును కూడా ఆయన పరీక్షకు పెట్టాడు.

ఈ కృషి అంతా 1796లో లండన్‌లో పెద్ద గ్రంథంగా వచ్చింది. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల వివరం అని దాని పేరు. కంపెనీ డైరెక్టర్లే అచ్చు వేయించారు. దాని ఫోటో ప్రతిని నేను లైబ్రరీలో కంప్యూటరు మీద చూశాను. ఒక్కొక్క పేజీ తిప్పుతూ పోతూంటే, ఒకచోట మా సీసాలోని పాము నిండు రంగుల్లో కనిపించింది. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పేరుంది. కూడబలుక్కుని చదివాను: కాటుక రేకుల పొడ.

పొడ! మా మామ్మ అన్న మాట!

నా చేతులు కాసేపు ఆగిపోయాయి. పొడ అంటే మచ్చ. ఆ గుండ్రటి మచ్చల అంచులకు కాటుక దిద్దినట్టు నల్లటి గీతలుంటాయి. చూసినవాడెవడూ దాన్ని కొండచిలువ అనుకోకుండా, గుర్తులన్నీ పేరులోనే ఇమిడ్చి పెట్టారు మన పెద్దలు. ఆ పేరును ఒక స్కాట్లండు డాక్టరు చెవులారా విని, తన అక్షరాల్లో పదిలంగా వ్రాసుకున్నాడు. నాగుపాము తర్వాత అంతటి ప్రమాదకరమైనది ఇదేనని కూడా గుర్తించాడు. ఇది తెలిసి 200 ఏళ్లు దాటింది. అయినా మా ఊళ్లో ఆ రోజు అది కొండచిలువ పిల్ల అయిపోయింది.

విశేషమేమంటే, రస్సెల్ తన పుస్తకంలో చాలా పాములకు లాటిన్ పేర్లు పెట్టలేదు. ఊరివాళ్లు చెప్పిన తెలుగు పేర్లతోనే ప్రకటించాడు. ఆ బొమ్మలు చూసి లాటిన్ పేర్లు పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. 1797లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, నాడర్ అనే చిత్రకారుడితో కలిసి తెచ్చిన పత్రికలో మన పొడపాముకు 'కొలూబర్ రస్సెలీ' అని నామకరణం చేశాడు. అంటే రస్సెల్ యొక్క పాము అని అర్థం. తన పేరు తానే పెట్టుకోవడం శాస్త్రంలో మర్యాద కాదు. ఇది ఇంకొకరు చేసిన మర్యాద.

ఇక నా అర మార్కు దగ్గరకు వద్దాం. లాటిన్ పేర్లంటే మన తెలుగు మీడియం వాళ్లకు భయం. కానీ ఇందులో ఉన్నది చిన్నప్పుడు వల్లెవేసిన వ్యాకరణమే. జంతువు పేరులో మొదటి మాట ప్రజాతి. రెండో మాట మూడు రకాలుగా రావచ్చు.

మొదటి రకం విశేషణం. సంస్కృతంలో సుందరః బాలః అనీ, సుందరీ బాలికా అనీ విశేషణం లింగాన్ని బట్టి మారినట్టే లాటిన్‌లోనూ మారుతుంది. కట్లపాముకు 1801లో ష్నైడర్ అనే జర్మన్ పండితుడు 'సూడోబోవా సెరూలియా' అని పేరు పెట్టాడు. సూడోబోవా స్త్రీలింగం. తర్వాత దాన్ని 'బంగారస్' అనే ప్రజాతిలోకి మార్చారు. బంగారస్ పుంలింగం. అందుకని సెరూలియా కాస్తా 'సెరూలియస్' అయింది. నీలి రంగు గలది అని అర్థం. ఈ బంగారస్ ఎక్కడిదనుకున్నారు? రస్సెల్ పుస్తకంలో పసుపు, నలుపు పట్టీల పామొకటి 'బంగారుం పామా' అని ఉంది. మన బంగారానికే లాటిన్ తోక తగిలించి 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రజాతి పేరు చేశాడు. అలా మన నల్లని కట్లపాము పేరులో తెలుగు బంగారం, లాటిన్ నీలం కలిసి కూర్చున్నాయి.

రెండో రకం నామవాచకం. పక్కన ఊరికే నిలబడుతుంది, మారదు. నాగుపాము పేరు 'నాజా నాజా'. మన నాగ శబ్దమే అలా మారింది. 1758లో లిన్నేయస్ దానికి ఆ పేరు పెట్టినప్పుడు మొదటి మాట కొలూబర్. ఇప్పుడు నాజా. రెండో మాట మాత్రం అదే.

మూడో రకం షష్ఠీ విభక్తి. రాముని బాణం, రాముని పాదుక, రాముని కథ. వెనక ఏ మాట వచ్చినా 'రాముని' మారదు గదా. అలాగే పుంలింగమైన కొలూబర్‌లో ఉన్నా, స్త్రీలింగమైన వైపెరాలోకి వెళ్లినా, ఇప్పుడున్న డబోయాలోకి వచ్చినా రస్సెలీ రస్సెలీయే. ఈ డబోయా కూడా మన దేశపు మాటే. పొంచి ఉండేది అనే అర్థమున్న హిందీ మాట నుంచి 1842లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు తీసుకున్నాడు.

మరి 'ఎల్'లూ 'ఐ'లూ? రస్సెల్ అనే ఇంటిపేరుకు నేరుగా 'ఐ' తగిలిస్తే రెండు 'ఎల్'లు, ఒక 'ఐ' వస్తాయి. మా సీసా చీటీ వ్రాసినవారు అనుసరించిన లెక్క అది. చాలా పాత పుస్తకాల్లో అలాగే ఉంటుంది. షా అలా చేయలేదు. మొదట ఆ పేరును రస్సెలియస్ అని లాటిన్ పేరుగా మార్చి, తర్వాత షష్ఠి చేసినట్టు వ్రాశాడు. అందుకని రెండు 'ఐ'లు. ఆ మార్పులో ఒక 'ఎల్' జారిపోయింది. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. మొదట అచ్చయిన వర్ణక్రమమే నిలవాలి, అది పొరపాటని ఆ మొదటి పుస్తకంలోనే స్పష్టమైన ఆధారం ఉంటే తప్ప. కాబట్టి ఒక 'ఎల్', రెండు 'ఐ'లే సరి. నేను వ్రాసింది ఏ లెక్కకూ రాదు. అర మార్కు పోవడం న్యాయమే. మేష్టారికి ఈ సావనీరు ముఖంగా ఒప్పుకుంటున్నాను.

రస్సెల్ చివరి రోజులు కూడా పనిలోనే గడిచాయి. 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల పుస్తకం వెలువరించాడు. అందులోనూ తెలుగు పేర్లే. మన జాలర్ల గొరక చేప ఆ పుస్తకం ద్వారానే 'గోరకా' అని లాటిన్ పేరుల్లోకి ఎక్కింది. పాముల రెండో సంపుటం భాగాలుగా వస్తూండగా 1805 జూలై 2న లండన్‌లో ఆయన మరణించాడు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన భాగాలు ఆయన పోయాక 1809 దాకా అచ్చయ్యాయి. ఈనాడు ఆస్పత్రి లాబొరేటరీల్లో నెత్తురు గడ్డకట్టే తీరును తెలుసుకోవడానికి ఆ పాము విషంతోనే చేసే పరీక్ష ఒకటుంది. దాన్ని కూడా రస్సెల్ పేరుతోనే పిలుస్తారు.

ఒక్క సంగతి మాత్రం నా మనసులో నలుగుతూనే ఉంది. షష్ఠీ విభక్తి రస్సెల్‌కు దక్కింది. ఆయన ఆరేళ్లో ఏడేళ్లో ఇక్కడ ఉన్నాడు. ఆ పాముల మధ్యనే పుట్టి, చెప్పులు లేని కాళ్లతో తిరిగి, వాటిని పట్టి తెచ్చి, ఇది పొడండీ, ఇది కట్లండీ అని చెప్పినవాళ్లకు ఏ విభక్తీ దక్కలేదు. దానికి డాక్టరుగారిని తప్పుపట్టలేను. ఆయన వాళ్ల మాటనైనా మిగిల్చాడు. వినడం ఆయనకు తెలుసు. మా చిన్నాన్న చుట్టూ మూగిన మేమంతా, నాతో సహా, ఇంట్లో ఉన్న ముసలమ్మ మాట వినలేదు. ఇంటర్‌లో బైపీసీ చదువుతున్న నేను కూడా ఆ రోజు కొండచిలువ పిల్లే అన్నానని ఇప్పుడు వ్రాయక తప్పదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రకటించిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఎక్కువమంది పల్లెల్లోవాళ్లే. ఇప్పుడు మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ ఈ నాలుగింటికీ కలిపి చేసింది. కాబట్టి పామును పట్టుకుని, చంపి, ఆస్పత్రికి మోసుకుపోనక్కరలేదు. ఏ పామో తేల్చుకునేదాకా ఆగనూ అక్కరలేదు. కరిచిన చోటు కోయకుండా, గట్టిగా కట్టు బిగించకుండా, మనిషిని కదలనీయకుండా వెంటనే తీసుకుపోవాలి. మిరపకాయా, వేపాకూ ఏమీ చెప్పవు. సెలవులకు ఇళ్లకు వెళ్లే మిత్రులు ఈ ఒక్క ముక్క ఊళ్లో చెబితే ఈ వ్యాసం వ్రాసినందుకు ఫలితం దక్కినట్టే.

మేష్టారి అనుమతితో మా అటెండరుగారూ నేనూ కలిసి ఆ సీసాకు కొత్త చీటీ అతికించాం. పైన లాటిన్ పేరు, ఒక 'ఎల్', రెండు 'ఐ'లతో. కింద తెలుగులో కాటుక రేకుల పొడ అని. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మామ్మకు ఈ కథంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, పాముకు మనిషి పేరు పెట్టడమేమిటిరా, ఆ మహానుభావుడు అంత పాపం ఏం చేశాడు అని అడిగింది. పాపం కాదు మామ్మా, నీలాంటివాళ్లు చెప్పింది విని వ్రాసుకున్నాడు అన్నాను. అయితే మంచివాడే అంది. పక్కనే మంచం మీద కూర్చున్న చిన్నాన్న ఏమీ అనలేదు. పొలానికి బయల్దేరుతూ, నేను కొనుక్కెళ్లిన మోకాలి బూట్లు తొడుక్కున్నాడు.